అడవిలో ఇనుపదారి

ఖైరతాబాదు మీదుగా నాంపల్లి చేరు పట్టాలు కొంతదూరము వెనుకకు పోయి వాడీనుండి వచ్చు పెద్దదారిలో కలియుచున్నవి. సికింద్రాబాదునకును వాడీకిని నడుమ నిజాము ప్రభుత్వము తన ధనముతో వేయించిన ఆ దారిపై 1874వ సంవత్సరమున బండ్లు నడచినవి. నిజాము ప్రభుత్వము వేయించిన మొదటి యినుపదారి యదియే. నేడు ఆ పట్టాల క్రింద నున్నవి కాంక్రీటు దిమ్మలు. మన తాతల కాలమున పట్టాల క్రింద పరచుటకు దేశమంతట ముఖ్యముగా వాడినది కొయ్య. ఆ కొయ్య యెక్కడినుండి వచ్చినది, అది వచ్చిన చోట నేమి మిగిలినది అను విషయమును గూర్చి నేడు కొంత చెప్పదలచితిని.

అడవిని నరకుట రైలుతో పుట్టిన పని కాదు. ఖాండవవన దహనకథ పురాణము విన్న ప్రతివారికిని తెలిసినదే. మన దేశమున కాకతీయ ప్రతాపరుద్రుని కాలమున అడవులు కొట్టించి ఊళ్లు నిలిపిన ముచ్చటలు గ్రామ కైఫియత్తులలో కానవచ్చును. ఒక ఊరివారు గొడ్డళ్లతో ఒక తరమంతయు శ్రమించి కొట్టిన అడవి, ఆ ఊరు పాడువడినచో రెండు మూడు తరములలో మరల తలయెత్తెడిది. అంతియేకాక, నాడు కొట్టిన మానును దూరము చేర్చుటకు ఉపాయము తక్కువ. భద్రాచలపు అడవుల కలప తెప్పలు కట్టి గోదావరిమీద రాజమహేంద్రవరమునకు దిగుటకు కారణము ఆ నది అడవి ప్రక్కనే పారుటయే. నది చేరువలేని కొండమీది టేకుమానునకు పట్టణమున వెల లేదు. వెల లేకుండుటయే దానికి రక్ష. ఇనుపదారి వచ్చి ఆ రక్షను తీసివేసినది.

స్లీపరనగా నేమో చూచిన పెద్దలు మీలో పెక్కుమంది యుందురు. పెద్దపట్టా దారికి వేయు కొయ్య స్లీపరు తొమ్మిదడుగుల పొడవు, పది యంగుళముల వెడల్పు, అయిదు యంగుళముల మందము గలది. మూడడుగుల కొకటి చొప్పున వేసినను మైలుకు 1,760 కావలెను. నూరు మైళ్ల దారికి లక్షయు డెబ్బదియారు వేలు. ఒక్కొక్క స్లీపరునకు మూడు ఘనపుటడుగులకు మించి చేవగల కొయ్య పట్టును. చేవలేని కొయ్య పనికిరాదు. చెదలు తినును, వానకు కుళ్లును. అందుచేత టేకు, గుగ్గిలము, దేవదారు వంటివే కోరబడెను. అవి నూరేండ్లు పెరిగిన మానులు. వాటినుండి చెక్కిన స్లీపరుల ఆయువు మాత్రము మహా యుండిన పది పదునైదేండ్లు; ఆపై వాటిని తీసి క్రొత్తవి వేయవలెను. అప్పు తీర్చినకొలది వడ్డీ పెరిగినట్లు, ఒకసారి వేసిన దారి యేటేట అడవిని అడుగుచునే యుండును. కొన్ని దారులలో ఇనుప గిన్నెలను, సీమనుండి తారునూనె పట్టించి తెచ్చిన కొయ్యలను వాడిన మాటయు నిజమే. అట్లు దూరదేశమునుండి తెచ్చుకొనవలసి వచ్చుటయే ఇచటి చేవమానులు తరుగుచుండినవనుటకు గురుతు.

బొంబాయినుండి ఠాణాకు 1853లో మొదటి రైలు నడచెను. చెన్నపట్టణమున రాయపురమునుండి ఆర్కాటు వైపునకు 1856లో నడచెను. ఆ మొదటి దినములలో దక్షిణమున ఇంజనులకు బొగ్గు దొరకలేదు, కట్టెలే మండించిరి. స్లీపరులు చేవమానులను తినగా, ఇంజనుపొయ్యి మిగిలిన చెట్టును చేమను తినెను. 1856లోనే చెన్నపురి రాజధానికి అడవుల కన్సర్వేటరుగా నియమింపబడిన క్లెగ్‌హారను అను వైద్యుడు, ఉత్తరార్కాటు కొండలు రైలు వాతబడి బోడిగా మారుచున్నవని ఆనాడే వాపోయెను. కట్టెల కరవు తీర్చుటకు చెన్నపట్టణపు ఇసుకనేలలలో సరుగుడు తోటలు వేయించిరి. మన సముద్రతీరమున నేడు చూచు సరుగుడు తోపులలో కొంత చరిత్ర ఆ పొగబండి ఆకలిలో నున్నది.

ఇచట ఒక వింత గలదు. అడవిని తినినదియు రైలే, అడవికి కావలివానిని పెట్టించినదియు రైలే. డల్హౌసీ ప్రభువు 1855లో అడవులను గూర్చి ఒక శాసనపత్రము వెలువరించెను. 1864లో జర్మను దేశీయుడగు బ్రాండిస్‌ను రప్పించి హిందూదేశపు అడవులన్నిటికిని ఇన్‌స్పెక్టరు జనరలుగా నియమించిరి. 1865లో నొకటి, 1878లో నొకటి అడవి చట్టములు పుట్టెను. చెన్నపురి రాజధానికి 1882లో వేరొక చట్టము వచ్చెను. స్లీపరులకు కొయ్య కొరతపడునేమో అను దిగులు వీటి వెనుక నున్న ముఖ్యకారణములలో నొకటి. కావలి వచ్చుట మేలే. కాని కావలివాడు మొదట పట్టుకొనినది గుత్తేదారును కాదు. మోపు కట్టెలకు పోయిన ముసలమ్మను, మేకలు తోలుకొనిపోయిన కుర్రవానిని. నిన్నటివరకు హక్కనుకొన్నది నేటినుండి నేరమయ్యెను. అడవి యంచున నుండు ఊళ్లలో ఈ కథ నా నోట వినవలసిన పనిలేదు.

హైదరాబాదు రాజ్యమునకు తిరిగివత్తము. 1883లో ఒక వివాదము పుట్టెను. రైలుదారిని వరంగలు మీదుగా తూర్పునకును, ఉత్తరమున చాందా వైపునకును పొడిగింపవలెనని, అందులకై లండనులో నొక కంపెనీని నిలిపి వారి మూలధనముపై వడ్డీకి నిజాము హామీ యిచ్చునట్లు ఏర్పాటు జరుగుచుండెను. దీనిని ప్రజలకు తెలియజెప్పక నిశ్చయింపరాదని అడిగినవారిలో అఘోరనాథ చట్టోపాధ్యాయుడు ముఖ్యుడు. ఈయన నిజాము కళాశాలకు ప్రథమాధ్యక్షుడు, సరోజినీదేవి తండ్రి. అడిగినందులకు ఫలము దేశబహిష్కారము. పిమ్మట కొంతకాలమునకు తిరిగి రానిచ్చిరి. ఆబిడ్సునుండి నాంపల్లి స్టేషనునకు పోవు బాటలో వారి యిల్లు గోల్డెన్ త్రెషోల్డు అను పేర నేటికిని నిలిచియున్నది. ఆ వివాదమంతయు ఖజానాను గూర్చినది. నష్టము వచ్చినచో ఎవరు భరింపవలెను, లాభము ఎవరి సంచిలో పడును అనునవియే ప్రశ్నలు. దారి పోవు అడవి కెవరు హామీ అను ప్రశ్నకు ఆనాటికి భాష కూడ పుట్టలేదు. అఘోరనాథుని వంటి శాస్త్రజ్ఞునకైనను అది తోచు కాలము కాదు. అందులకు ఆయనను తప్పు పట్టను.

కంపెనీ నిలిచెను. దారి 1886లో వరంగలును, 1889లో బెజవాడను చేరెను. నడుమ డోర్నకలునుండి ఇల్లెందువైపునకు 1888లో ఒక కొమ్మ వేసిరి. ఆ కొమ్మకు కారణము బొగ్గు. భూగర్భశాస్త్రవేత్త విలియం కింగు 1871లో ఇల్లెందు ప్రాంతమున బొగ్గుపొరను కనుగొనెను. 1889నుండి త్రవ్వకము సాగెను. నేడు సింగరేణి యను పేరు వినని తెలుగువాడు లేడు. ఇచట న్యాయము చెప్పవలెనన్నచో రెండు వైపులను చెప్పవలెను. సింగరేణి బొగ్గు వచ్చిన పిదప దక్షిణపు ఇంజనులకు కట్టెల యక్కర తగ్గెను. ఆ మేరకు అడవికి ఊపిరి వచ్చెను. కాని గనిలోపల కప్పు కూలకుండ నిలుపుటకు గుంజలు కావలెను. ఆ గుంజలు చుట్టుప్రక్కల అడవినుండియే రావలెను. గనికి కూలీలు, కూలీలకు ఇండ్లు, ఇండ్లకు వాసాలు, వంటకు కట్టెలు. ఒక చేత ఇచ్చినది మరియొక చేత తీసికొనినట్లయ్యెను.

అన్నిటికంటె పెద్దమార్పు తెచ్చినది కాజీపేటనుండి బల్హార్షాకు వేసిన దారి. అదియే ఆ పాత చాందా తలంపునకు నెరవేర్పు, నలుబదియారేండ్లు పట్టినది. ఈ దారి పెద్దపల్లి, రామగుండము దాటి, గోదావరిమీద వంతెన యెక్కి, మంచిర్యాల, బెల్లంపల్లి, ఆసిఫాబాదు రోడ్డు, సిర్పూరుల మీదుగా ఆదిలాబాదు అడవులను తూర్పున చీల్చుకొనుచు ఉత్తరమునకు పోవును. 1929 నాటికి ఢిల్లీకిని చెన్నపట్టణమునకును సూటిదారి యేర్పడెను. గ్రాండు ట్రంకు ఎక్స్‌ప్రెస్సు ఆ యేడే బయలుదేరెను. బండిలో కూర్చున్నవానికి కిటికీలో టేకుచెట్లు వెనుకకు పరుగెత్తుట యొక వేడుక. ఆ చెట్ల వెనుక జరిగినది వేరు.

స్టేషను వచ్చిన చోటికి కలప వ్యాపారి వచ్చెను. అతని వెంట రంపపు మిల్లు వచ్చెను. 1938లో సిర్పూరువద్ద కాగితపు మిల్లు స్థాపింపబడెను. వెదురే దాని ముడిసరకు. ఆ ఊరికి కాగజ్‌నగర్ అను పేరే నిలిచినది. రైలు లేకున్న వెదురు మిల్లునకు చేరదు, కాగితము పట్టణమునకు చేరదు. బడిపిల్లల పలకలకు బదులు పుస్తకము లిచ్చిన కాగితమును పంతులునగు నేను నిందింపలేను. ఆ కాగితము మీదనే కదా నా జీవితమంతయు గడిచినది. అయినను ఆ వెదురు గోండులకును కోలాములకును ఇంటిగోడ, ధాన్యపుగాదె, బుట్ట, చాప, వానకాలపు కూర గూడనని మరువరాదు.

కలప వ్యాపారి వెంట రైతులు వచ్చిరి. కరీంనగరమునుండియు, మహారాష్ట్రమునుండియు నేల వెదకుకొనుచు వచ్చినవారు పట్టాలు వ్రాయించుకొనిరి. కొండజాతివారు తరతరములుగా దున్నినది, నిలిపినది, కొంతకాలము బీడుపెట్టినది పట్టాకాగితములేని నేల. ఒకవైపు రిజర్వు అడవి సరిహద్దురాయి, మరియొకవైపు పట్టాదారుని గట్టు, నడుమ వారు. ఆసిఫాబాదు కొండలలో జోడేఘాటువద్ద కొమురం భీము తనవారితో నిలిచి 1940లో నేలకొరిగిన కథకు ఇది నేపథ్యము. అంతకును రైలే కారణమనుట సాహసము. పన్నులు, అధికారులు, చట్టములు పెక్కు కలిసినవి. ఆ పిమ్మట ప్రభుత్వము పంపగా వచ్చి గోండుల నడుమ మార్లవాయిలో నివసించిన హైమండార్ఫు పండితుడు వ్రాసినదానిలో మాత్రము ఈ మాట స్పష్టముగా నున్నది: రాకపోకల సౌకర్యము పెరిగిన కొలది బయటివారు లోనికి చొచ్చిరి, లోనివారు నేల కోల్పోయిరి.

రైలు సంగతి యిట్లుండగా బండిబాట సంగతి కొంచెము వేరు. విశాఖ మన్యమున గూడెము డిప్యూటీ తహసీలుదారు బాస్టియన్ నర్సీపట్టణమునుండి చింతపల్లికి బాట వేయించుచు, కొండవారిచేత చాలని కూలికి బలవంతముగా పని చేయించెను. ఆ బాట మీది ఆగ్రహము 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు పితూరీకి ఒక నిప్పురవ్వ. మన పిల్లలకు ఆయన విల్లంబులు తెలియును, ఠాణాలు ముట్టడించిన సంగతి తెలియును; ఆ కథ నడుమ ఒక బాట యున్నదని తెలిసినవారు తక్కువ. కొండవాని పాలిట ఆ బాట అతని అవసరమునకు వేసినది కాదు. అడవి చట్టమును, గుత్తేదారును, పోలీసును తన గుడిసె ముంగిటికి తెచ్చునది.

నల్లమలలో నంద్యాలకును గిద్దలూరునకును నడుమ 1880వ దశకమున వేసిన దారిని చూచినవారికి బొగద సొరంగము తెలిసియుండును. దానికి దగ్గరనే దొరబావి లోయమీద ఉక్కుస్తంభముల వంతెన యొకటి నూరేండ్లకుపైగా నిలిచి, 1990వ దశకమున దారి వెడల్పు మార్చినపుడు తీసివేయబడెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదప వేసిన కొండదారులలో పేరెన్నికగన్నది కొత్తవలస కిరండూలు దారి. బైలదిల్లా ఇనుపరాతిని జపానునకు పంపుటకై 1960వ దశకమున అనంతగిరి, అరకు కొండలను తొలిచి 58 సొరంగములతో దీనిని నిర్మించిరి. ఇంజనీర్ల నేర్పునకు చేతులు జోడింపవలసినదే. మన అరకు రైలు ప్రయాణమునకు వేడుకపడు పట్టణవాసి ఆ దారి తనకొరకు వేసినదని తలచును. అది రాతికొరకు వేసినది.

ఇక దారి పడిన పిదప అడవిలో జరుగు మార్పులను గూర్చి. దారికొరకు కొట్టిన చెట్లు లెక్కకు వచ్చును. లెక్కకు రానిది దారి యంచున జరుగును. దట్టమైన అడవిలో నేలమీద ఎండ పడదు. ఆకుకుళ్లు తడిగా నుండును. నడుమ చీలిక వేసినంతనే ఎండయు గాలియు రెండు ప్రక్కలనుండి లోనికి దూరును, తడి ఆరును, అంచుచెట్లు గాలికి ఒరుగును. ఎండిన యాకుమీద పూర్వము ఇంజను నిప్పురవ్వ పడెడిది, నేడు బాటసారి చుట్టపీక పడుచున్నది. ఆవిరి యింజనుల కాలమున అడవిశాఖవారు రైలుదారి ప్రక్కనే వేసవిలో గడ్డి కాల్చి చాళ్లు తీర్చుటకు కారణమిదియే. బండ్ల చక్రములకు, కంకరకు అంటుకొని పరదేశపు కలుపు వచ్చును. వయ్యారిభామ యని మనము ముద్దుపేరు పెట్టిన ఆ పాడుమొక్క ఊరి బాట వెంబడి యెట్లు వ్యాపించినదో మీరు కన్నులార చూచినదే. అడవిలోనికిని అట్లే పోవును.

నీటి సంగతి పల్లెవారికి నాకంటె బాగుగ తెలియును. కొండనుండి వాలుగా జారు వాననీటికి దారిగట్టు అడ్డము. తూములు చాలినన్ని లేనిచో గట్టునకు ఎగువన నీరు నిలిచి చెట్ల వేళ్లు కుళ్లును, దిగువన చెరువు నిండదు. గట్టు పోయుటకు మన్ను త్రవ్విన గోతులలో నీరు నిలిచి దోమ పుట్టును. రైలుగట్టులును మలేరియాయు జంటగా నడచుటను గూర్చి బంగాళదేశమున బెంట్లీ యను వైద్యాధికారి వంద సంవత్సరముల క్రిందటనే చెప్పియుండెను.

మృగముల మాట. పెద్దపులికి విస్తారమైన అడవి కావలెను. మహారాష్ట్రమున తాడోబానుండి మన కవ్వాలునకు పులులు నడచివచ్చు త్రోవ కలదు. కవ్వాలు 2012లో పులుల అభయారణ్యముగా ప్రకటింపబడినది. ఆ త్రోవకు అడ్డముగా కాజీపేట బల్హార్షా దారియు, పెద్ద రహదారులును పడియున్నవి. శ్రీశైలమునకు పోవు బాట నల్లమలలో రాత్రివేళ మూయబడుట యాత్రికులకు విసుగే గాని, అది చీకటిలో త్రోవ దాటు జంతువుల కొరకు. కర్ణాటకమున బందీపురమునందు 2009నుండి అట్లే చేయుచున్నారు. నాగపురము మీదుగా ఆదిలాబాదునకు, హైదరాబాదునకు వచ్చు రహదారిమీదనే, పెంచ్ అడవివద్ద బాటను స్తంభములపై నెత్తి మృగములు క్రిందనుండి పోవునట్లు చేసిరి. వ్యయము హెచ్చు, కాని చేయవచ్చునని తేలినది.

దూరదేశపు మాట యొక్కటి. బ్రెజిలు దేశమున అమెజాను మహారణ్యమును చీల్చి 1970నుండి పెద్దబాట వేసిరి. ఆకాశమునుండి తీసిన చిత్రములలో పెద్దబాట వెన్నెముకవలెను, దానినుండి చీలిన చిన్నబాటలు చేపముల్లువలెను కనబడును. ముల్లునకును ముల్లునకును నడుమ అడవి పోయినది. అచట నరికిన యడవిలో నూటికి తొంబదికి మించిన భాగము బాటలకో నదులకో కొద్ది కిలోమీటర్ల లోపలనే యున్నదని పండితులు కొలిచి చూపిరి. పెద్దబాటకంటె దానినుండి అనుమతిలేక చీలిన చిన్నబాటలే హెచ్చు హాని చేసినవి. ఆదిలాబాదున స్టేషనునుండి లోనికి పోయిన కలపబండి బాటలు చేసినదియు నిదే.

ఇంతయు విని, పంతులు బాటలు వద్దనుచున్నాడని తలపవలదు. మన్యపు కొండమీద కాన్పుకష్టము వచ్చిన యాడుదానిని డోలీలో నలుగురు మోసికొని మైళ్లకొలది దిగుట నేటికిని వార్తాపత్రికలలో చదువుచునే యున్నాము. ఆ తల్లికి బాట వలదనుటకు పట్టణమున కూర్చున్నవాని కెవనికిని అధికారము లేదు. బాస్టియన్ బాటయు, ఆ తల్లికి కావలసిన బాటయు ఒకే కొండను ఎక్కును. భేదమెక్కడనన్నచో, ఎవరు కోరిరి, ఎంత వెడల్పు, ఎచటినుండి, ఎవరిని అడిగి అను నాలుగు మాటలలో నున్నది.

ఇప్పుడు అడుగుటకు చట్టము కలదు. 2006 నాటి అటవీహక్కుల చట్టమున ఒక ఏర్పాటు చేసిరి. అడవిలోని ఊరికి బడి, వైద్యశాల, మంచినీటి గొట్టము, బాట మొదలైనవి కావలసినచో, ఒక్కొక్క పనికి హెక్టారుకు తక్కువ నేల, హెక్టారుకు 75 చెట్లకు మించని కొట్టివేత అయినచో, గ్రామసభ సిఫారసుమీద ఇచ్చుటకు వీలున్నది. హెక్టారనగా రెండున్నర యెకరములకు కొంచెము తక్కువ. అయిదు మీటర్ల వెడల్పున బాట వేసినచో రెండు కిలోమీటర్లకు హెక్టారు నిండును. మూడు మీటర్ల బాట చాలుననుకొన్నచో మూడు కిలోమీటర్లకు మించి పోవును. అంతకు పైబడిన పనులకు 1980లో పుట్టి 2023లో సవరింపబడిన అటవీసంరక్షణ చట్టము క్రింద పై యనుమతులు కావలెను.

సిఫారసు వ్రాయునది మీరు కూర్చుండు సభ. కొలత యంత్రముతో వచ్చిన యువకునకు వాననీరు ఏ వాగున దిగునో తెలియదు, ఎలుగుబంటి యే కనుమలో దాటునో తెలియదు, ఏ ఇప్పమాను క్రింద ఊరి పూజ జరుగునో తెలియదు. అతడు పటముమీద గీత గీసి సంతకము కోరును. తూము లెన్ని, ఎక్కడ. మన్ను ఏ బీటినుండి తీయుదురు, తీసిన గుంట పూడ్తురా. కొట్టు చెట్లకు సున్నము గురుతు వేసి లెక్క తీర్మానపుస్తకమున ఎక్కింతురా. పని ముగిసిన పిదప గుత్తేదారుని బండిబాటను మూయుదురా అని అడిగి, అతడు చెప్పిన సమాధానములను సంతకములకు ముందు ఆ పుస్తకముననే వ్రాయించుట ఊరి పెద్దల వంతు.